అరువది గడులలో ఒకే అంకె

కొన్నేండ్ల క్రిందట ఒక వైద్యశాలలో, టీకామందులు భద్రపరచు ఫ్రిజ్ ప్రక్కన దారముతో వ్రేలాడదీసిన ఉష్ణోగ్రతల పట్టికను నేను తీరికగా చదివితిని. ఉదయమొకటి, సాయంకాలమొకటిగా నెల పొడుగునను నింపవలసిన ఆ అరువది గడులలో ప్రతిదానియందును నాలుగు అను అంకెయే యుండెను. ఆ అంకెలన్నియు ఒకే నీలిసిరాతో, ఒకే వాలుతో, ఒక్కమారే కూర్చుండి వ్రాసి ముగించినట్లు తోచుచుండెను. ఆ వేసవిలో కరెంటు పోని దినము లేదని నేనెరుగుదును. పట్టిక నింపు యువకుని మెల్లగా అడుగగా, అతడు దాపరికము లేకుండ చెప్పెను: "తొమ్మిది అని రాస్తే ఎందుకయిందో సంజాయిషీ రాసివ్వమంటారు సార్. ఫ్రిజ్‌ను మాత్రం ఎవరూ చూడరు. నాలుగు రాస్తే అడిగేవాళ్ళే ఉండరు."

ఆ యువకుని నిందింప నా మనసొప్పలేదు. టీకామందులలో అధికభాగము 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ నడుమ నిలువయుండవలెనని అతనికి శిక్షణలో చెప్పియే యుందురు; ఆ పట్టిక పుట్టినదియు పసిబిడ్డల మేలుకొరకే. అయినను నిజము వ్రాసినవానికి శ్రమయు, అబద్ధము వ్రాసినవానికి సుఖమును కలుగునట్లు ఒక పద్ధతిని మనమే నిర్మించి, దానికి నాణ్యతా నిర్వహణ వ్యవస్థ యను గంభీరనామమిడి, అందుండి సత్యము వెలువడునని ఎదురుచూచుట, వేపవిత్తు నాటి మామిడిపండ్లకై ఆ చెట్టుక్రిందనే కాచుకొనియుండుట వంటిది.

గణితము తెలిసినవారికి ఆ నాలుగుల వరుసయే అసలు సంగతిని పట్టియిచ్చును. టెలిఫోన్ పరికరముల తయారీలో లోపములను తగ్గించుటకై పాటుపడిన వాల్టర్ షూహార్ట్ 1924లో రూపొందించిన నియంత్రణ పటము చెప్పునది ఇదియే: ఏ పనియందైనను కొంత హెచ్చుతగ్గు సహజము, ఆ సహజమైన ఊగులాటను ఎరిగినప్పుడే, ఎక్కడనో ఏదియో చెడినదని తెలుపు అసహజమైన ఊపును గుర్తింపగలుగుదుము. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానముపై షూహార్ట్ 1947–48లో మన దేశమునకు వచ్చి ఈ విద్యను ప్రచారము చేసెను. డెమింగ్ అను గణాంకశాస్త్రజ్ఞుడు ఇదే విద్యపై జపానులో తన ప్రసిద్ధోపన్యాసము లిచ్చినది 1950లో. కావున ఈ జ్ఞానము మనకు ఆలస్యముగా చేరినదని చెప్పుకొనుటకు వీలులేదు. ఆ డెమింగే తరువాత తాను ప్రకటించిన 14 సూత్రములలో, పనిచేయువారి నుండి భయమును పారద్రోలవలెనని ఒకటి చేర్చెను. గణాంకశాస్త్రజ్ఞుడు భయమును గూర్చి ఏల మాటలాడెనని మొదట చదివినపుడు నేను వింతపడితిని. ఆ పట్టికను చూచినపిదప వింత తీరినది. భయపడు చేయి వ్రాసిన అంకెలమీద ఏ గణితమును నిలువదు.

నాణ్యతా నిర్వహణ వ్యవస్థలకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 9001, 1987లో వెలువడి, నాలుగుమార్లు సవరింపబడి, 2015 నాటి సవరణలో, అంతకుముందు తప్పనిసరియైన నాణ్యతా మాన్యువల్ నియమమునే వదలివేసినది. అయినను ఎన్నో కార్యాలయములలో, కన్సల్టెంటు వేరొక కంపెనీ ఫైలునుండి పేరుమార్చి యిచ్చిన లావుపాటి మాన్యువల్ బీరువాలో నేటికిని భద్రముగా నున్నది. ఆడిట్ రేపనగా ఈ రాత్రి కూర్చుండి పాత తేదీలతో సంతకములు చేయుటయు నేను కన్నులార చూచినదే. ప్రమాణము అడుగుట మానిన భారమును మనము స్వచ్ఛందముగా మోయుచున్నాము.

దీనికి భిన్నమైన సంప్రదాయము హైదరాబాదు ప్రక్కనే కలదు. జపానులో 1962లో ఆరంభమైన క్వాలిటీ సర్కిళ్ళను మన దేశమున మొదట చేపట్టినది, 1980ల ఆరంభమున, రామచంద్రాపురమందలి బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము, 1982లో ఏర్పడిన క్వాలిటీ సర్కిల్ ఫోరమునకు కేంద్రము సికింద్రాబాదే. ఒకే చోట పనిచేయు కొద్దిమంది కూర్చుండి, తమ చేతికి దినదినము తగులు చిక్కునే తామెన్నుకొని, కారణములు వెదకి, పరిష్కారమును తామే పరీక్షించి చూచుట ఆ సర్కిళ్ళ పద్ధతి. అందును కాగితము లేకపోలేదు. కాని వ్రాసినవారికే ఆ కాగితముతో పనియుండెను.

కావున నా కోరిక స్వల్పము. చెడు అంకె పడిన దినమున మొట్టమొదట కదలవలసినవాడు మెకానిక్కు. సంజాయిషీ సంగతి పిమ్మట చూచుకొనవచ్చును. ఆ వైద్యశాలకు తరువాత వచ్చిన ఫార్మసిస్టు, ఒక నడివయసు తల్లి, చేసినది ఇదియే. "తొమ్మిదుంటే తొమ్మిదే రాయి నాయనా, తర్వాత సంగతి నేను చూసుకుంటా" అని చెప్పి, అతడు నిజముగా తొమ్మిది వ్రాసిన సాయంకాలమే వచ్చి, లోపలి మందులను వాడకుండ ప్రక్కన బెట్టించి, తలుపు అంచున రబ్బరు అరిగి సందు పడినదని వ్రేలితో తడిమి కనిపెట్టి, రెండు దినములలో మార్పించెను. అటుపిమ్మట పట్టికలో మూడు, అయిదు, నాలుగు, ఆరు కనబడసాగినవి. ఇక చట్టము కోరని రిజిస్టర్లలో, మూడు నెలలుగా ఎవరును తెరచి చూడనివానిని నిలిపివేసినను నష్టము లేదు.

ఐ.ఎస్.ఓ. సర్టిఫికెట్ లేనిదే టెండరు దక్కదు గదా, మేమేమి చేయుదుమని చిన్న పరిశ్రమల వారడుగుదురు. వారి మాటలో న్యాయమున్నది. కొనువారు కాగితమునే అడుగుచుండగా అమ్మువారు కాగితమునే సిద్ధము చేయుదురు. కావున ప్రభుత్వ శాఖలును పెద్ద కంపెనీలును సర్టిఫికెట్ నకలుతో తృప్తిపడక, గడచిన సంవత్సరమున మీ రిజిస్టర్లలో నమోదైన మూడు తప్పులను, వాటికి మీరు చేసిన మరమ్మతులను చూపుడని టెండరు పత్రములోనే అడుగవలయును. ఒక్క తప్పును జరుగలేదని వ్రాసియిచ్చిన సంస్థకు, ఆ కారణముచేతనే, ఒక మనిషిని పంపి కర్మశాలలో ఒక పూట నిలిచి చూచి రమ్మనవలయును.