తుపాకి అడుగుడు తప్పు కాదు తమ్మీ, ఏ తుపాకి అడుగుతున్నమో తెలిసి అడగాలె



మొన్న మక్క చేను కాడ కావలి ఉన్న రాత్రి మా ఊరి పిలగాడొకడు ఫోన్ల వీడియో చూపిచ్చిండు. అమెరికాల ఒకాయన రైఫిల్ పట్టుకున్నడు. ట్రిగ్గర్ కింద కడియం లెక్క ఒక లివర్ ఉన్నది. దాన్ని కిందికి గుంజి మీదికి అంటె కాలిన తూటా బయట పడుతది, కొత్తది లోపలికి ఎక్కుతది. ఠపా ఠపా కొట్టి పందిని పడగొట్టిండు. "పెద్దనాయినా, గిసొంటిది మనకు ఒకటుంటె పందుల పీడ పోతది గదా. ఏ నంబరు తూటాది తీసుకుంటె మంచిది?" అని అడిగిండు. వాడొక్కడే కాదు, ఇంకో ఇద్దరు ముగ్గురు గూడ ఇదే అడిగిండ్రు. అందుకే అందరికి కలిపి రాస్తున్న. జర పొడుగైతది, ఓపిక పట్టండి.

ముందు ఆ రైఫిల్ సంగతి. అది మంచి మిషినే, కాదనను. వించెస్టర్ కంపెనీ 1873ల ఒకటి, 1894ల ఒకటి తెచ్చింది. ఆ రెండోదానికి పేరు తెచ్చిన తూటా థర్టీ థర్టీ. దట్టమైన చెట్లల్ల నూరు, నూటయాభై గజాల లోపల జింకను, పందిని కొట్టెటానికి అక్కడోళ్లకు అది అలవాటు. తూటాలు గొట్టంల ఒకదాని ఎనక ఒకటి వరుసగ ఉంటయి. మొన సూదిగ ఉంటె ముందున్న తూటా ఎనుక మందును పొడిచి గొట్టంలనే పేలే ప్రమాదం ఉంటది. అందుకే మొన చదునుగ ఉన్న తూటాలే వాడుతరు. కృష్ణ గారి మోసగాళ్లకు మోసగాడు 1971ల వచ్చినప్పటి నుంచి కౌబాయ్ అంటె మనకు మోజే. మోజు వేరు, చెల్క వేరు.

మన దేశంల సరదాకు వేట అనేది లేదు. 1972ల వన్యప్రాణి చట్టం వచ్చింది, 1991ల సవరణతోని వేట లైసెన్సులు గూడ పోయినయి. అమెరికాల సీజన్ల టికెట్ కొనుక్కొని వేటకు పోయినట్టు ఇక్కడ పోరాదు. గురి కొట్టుడు సరదా ఉన్న పిల్లలకు వేరే తొవ్వ ఉన్నది. 0.177 నంబరు ఎయిర్ రైఫిల్, బలం 20 జౌళ్ల లోపల ఉంటె లైసెన్స్ అక్కరలేదు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌ల కంచు పతకం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. కాగితం మీద కొట్టండి, పిట్టల మీద కాదు. పిట్టను కొడితె అది గూడ కేసే.

ఇగ చేను కాపలా ముచ్చట. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ల మన రైతుల పేరు మీద ఒక మాట ఉన్నది, చాలమందికి తెల్వదు. పంట కాపాడుకునుడు నిజమైన అవసరం అయితె మందు కూరి కొట్టే తుపాకికి లైసెన్స్ ఇయ్యాలె అని ఉన్నది. అది సరిపోదని అధికారికి అనిపిస్తె నున్నటి గొట్టం ఉన్న వేరే తుపాకికి, అంటె మనం అనుకునే 12 బోర్‌కు ఇయ్యొచ్చు. చూడండి, చట్టం గూడ రైఫిల్ అనలె. ఎందుకో చెప్త.

రైఫిల్ గొట్టంల మర ఉంటది. తూటా గిర్రున తిరుక్కుంట పోతది. చిన్న పాయింట్ 22 తూటా గూడ కిలోమీటరు దాటి పోతది. మన ఫ్యాక్టరీల తయారయ్యే పాయింట్ 315 అసొంటి పెద్దయి ఇంకా దూరం. మన జనగామ దిక్కు భూములు ఎట్లుంటయి? కిలోమీటరుల పది బావులు, ఇరవై మోటర్లు. రాత్రి పన్నెండు గొట్టినా ఎవడో ఒకడు టార్చి పట్టుకొని నీళ్లు మలుపుకుంట ఉంటడు. పందికి తగలని తూటా యాడికి పోతది? 12 బోర్‌ల పెద్ద గుండ్ల తూటా ముప్పై, నలభై గజాల దాక పనిజేస్తది, ఆ తర్వాత బలం తగ్గుతది. మంచె మీది నుంచి కిందికి కొడితె తప్పిపోయింది భూమిల దిగుతది. అందుకే మన చేన్లకు నంబరు అడిగితె నా జవాబు ఒక్కటే: 12 బోర్, మంచె మీద, దగ్గరి నుంచి, ఎనుక ఏమున్నదో చూసినంకనే. అదీ లైసెన్స్ ఉంటెనే.

ఇంకో ముఖ్యమైన సంగతి. తుపాకి లైసెన్స్ ఒక కాగితం, పందిని కొట్టే పర్మిషన్ వేరే కాగితం. రెండూ ఉండాలె. అడివి పంది ఇప్పుడు రెండో షెడ్యూల్ల ఉన్నది. 11వ సెక్షన్ కింద పంటకు నష్టం చేస్తున్నదని రాతపూర్వకంగ పర్మిషన్ ఇస్తెనే కొట్టాలె. సర్పంచులకు గౌరవ వార్డెన్ హోదా ఇచ్చి పందులను షూటర్లతోని కొట్టిచ్చే ఏర్పాటు కొన్నేండ్ల కింద మన రాష్ట్రంల తెచ్చిండ్రు. సర్పంచు సరే అన్నడని మనమే నాటు తుపాకి పట్టుకొని పోతె చెల్లదు. లైసెన్స్ లేని తుపాకి దొరికితె రెండేండ్లకు తక్కువ కాకుండ జైలు. పడ్డ పందిని కూర పంచుకునుడు గూడ నేరమే.

"గిన్ని తిప్పలు ఎందుకు, మోటర్ కాడి నుంచి ఒక తీగ గుంజితె అయిపాయె" అంటరని తెలుసు. అక్కడికే వస్తున్న.

2024 ఫిబ్రవరిల భూపాలపల్లి జిల్లా కాటారం అడివిల కూంబింగ్‌కు పోయిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకాయన జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి సచ్చిపోయిండు. పంది కోసం పెట్టిన తీగకు పంది ఏదో మనిషి ఏదో తెల్వదు.

నాకు ఎట్ల తెలుసు అంటరా? ఎనిమిదేండ్ల కింద నేను గూడ పెట్టిన. రెండు రాత్రులల్ల అరెకరం మక్క నేలమట్టం చేసినయి, కడుపు మండింది. స్టార్టర్ డబ్బాల నుంచి బైండింగ్ తీగ గుంజి గట్టు పొంటి కట్టిన. ఎవ్వలికి చెప్పలె. ఆ రాత్రి మా తమ్ముని కొడుకు మోటర్ ఎయ్యనీకి అడ్డ తొవ్వల వచ్చిండు. తీగ కాలుకు తట్టి బోర్ల పడ్డడు. లేచి "పెద్దనాయినా, ఈడ తీగ ఏంది?" అని అడిగిండు. అప్పుడు కరెంటు లేదు. పది నిమిషాలకు వచ్చింది. నేను అక్కడనే గట్టు మీద కూలబడ్డ. ఆ పిలగానికి ఇప్పుడు పెండ్లయి బిడ్డ గూడ ఉన్నది. మా తమ్మునికి ఇయ్యాలటిదాక చెప్పలె. ఇది చదివితె తెలుస్తది. తిడితె పడుత.

తుపాకి అంటె మన జనగామోళ్లకు కొత్త కాదు. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది తుపాకే. అది ఎవని చేతుల ఉన్నది, ఎదురుంగ ఎవడున్నడు అనేది అప్పుడూ ముఖ్యమే, ఇప్పుడూ ముఖ్యమే. కొత్తగూడ, గంగారం దిక్కు, మహదేవ్‌పూర్ దిక్కు అడివి పక్కనే చేన్లున్నోళ్లకు ఇంకా జాగ్రత్త కావాలె. పెద్దపులి తిరిగే జాగల చీకట్ల కదిలిందల్ల పంది కాదు.

మరి ఏం చెయ్యాలె? నా మాట ఇది. తీగలు ఇయ్యాలనే తీసెయ్యండి. ఒక్కొక్కరం కాదు, పక్కపక్క చేన్లోళ్లు పదిమంది కలిసి సోలార్ కంచె పెట్టుకోండి. అది ఆగి ఆగి ఒక్క క్షణం షాక్ కొడుతది, బెదిరిస్తది, సరిగ్గ కడితె చంపదు. నష్టమైన ప్రతిసారి ఫోటో తీసి ఫారెస్టోళ్లకు, వ్యవసాయ అధికారికి రాసి ఇయ్యండి, నకలు మీద ముద్ర ఏపిచ్చుకోండి. కాగితం లేని నష్టం నష్టం కాదు వాళ్ల లెక్కల. గ్రామసభల తీర్మానం చేసి, మండలానికొక ట్రైనింగ్ అయిన షూటర్‌ను ఇయ్యాలె, అడిగిన వారంల పర్మిషన్ ఇయ్యాలె అని ఊరంత కలిసి అడుగుదాం. ఆ పర్మిషన్ పంట కోసినంక వస్తె ఏం లాభం? రైతు తీగ గుంజుడు ఆగాలంటె సర్కారు కాగితం తొందరగ నడవాలె, అది వాళ్ల బాధ్యత.

లివర్ రైఫిల్ అడిగిన బిడ్డా, నీ కోపం నిజమే. పంట పోతె మళ్ల ఏస్తం, ఇంటి మనిషి పోతె యాడికెళ్లి తెస్తం?

మీ ఊర్లె ఎట్లున్నదో కింద రాయండి. తీగ పెట్టినోళ్లు ఉంటె పేరు రాయకండి, ఇంటికి పోయి చెప్పండి.