కృష్ణా నది ముక్కలైన కథ



ఒక యంత్రం ఎప్పుడూ తప్పే చూపిస్తే పట్టుకోవటం తేలిక. అదే యంత్రం ఒకే మాటను ఒకచోట ఒప్పుగా, మరొకచోట తప్పుగా చూపిస్తే? ఈ నెల అటువంటి చిక్కు ఒకటి చెబుతాను.

మా వీధిలో ఏడవ తరగతి చదివే అమ్మాయి ఒకతె వున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు వాళ్ల ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. ఆ పిల్ల పుస్తకాలన్నీ నానిపోయాయి. తరువాత వాళ్లు మా వీధికి మారారు. బడిలో సైన్సు ప్రదర్శన అనగానే ఆమె, "నేను వరదల గ్రాఫు గీస్తాను," అన్నది. బుడమేరు పొంగిన ఆ రోజుల్లోనే కృష్ణ కూడా నిండుగా పారింది గదా! విజయవాడ దగ్గర కృష్ణకు వచ్చిన పెద్ద వరదలు మూడు ఎంచుకొన్నది. 1903లో 10.6 లక్షల క్యూసెక్కులు, 2009లో 11.1 లక్షలు, 2024లో 11.43 లక్షలు. (1903లో ప్రకాశం బ్యారేజీ లేదు. అది 1957లో పూర్తయింది. అంతకు ముందు అక్కడ పాత ఆనకట్ట వుండేది.) క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, రమారమి 28 లీటర్లు. 2024లో ఒక్క సెకనులో మూడు కోట్ల లీటర్లకు పైగా నీరు పోయిందన్నమాట!

గ్రాఫు గీయటానికి ఆమె గ్నూప్లాట్ అనే ప్రోగ్రాం వాడింది. 1986లో థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ అనే ఇద్దరు దీనిని మొదలుపెట్టారు. దీనికి డబ్బు ఇవ్వనక్కరలేదు. లోపల ఏమి రాసి వున్నదో ఎవరైనా చదవవచ్చు.

తెర మీద మూడు స్తంభాలూ చక్కగా వచ్చాయి. పైన "కృష్ణా నది" అని శీర్షిక. దానిని బొమ్మగా ఫైలులో దాచి, అచ్చు తీసింది. చూస్తే ఏమున్నది? స్తంభాలు వున్నాయి, అంకెలు వున్నాయి. శీర్షిక వుండవలసిన చోట ఆరు ఖాళీ గళ్లు, కొంచెం ఎడం, మరి మూడు గళ్లు!

వాళ్ల నాన్న, "ప్రింటరు చెడింది," అన్నాడు. ఎవరో, "ఇంగ్లీషులో రాసెయ్యమ్మా, గొడవ వదులుతుంది," అన్నారు. ఆ పిల్ల వొప్పుకోలేదు. "మా మామ్మకు ఇంగ్లీషు రాదు. ఈ గ్రాఫు ఆవిడే ముందు చదవాలి," అన్నది. తెల్లవారితే ప్రదర్శన. కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది.

"ముందు ఆ ఫైలును తెర మీదే తెరిచి చూడు," అన్నాను. తెరిచింది. అక్కడా గళ్లే! ప్రింటరు నిర్దోషి అని తేలింది. దానిని పాపం అప్పటికే రెండుసార్లు విప్పారు.

తరువాత గళ్లు లెక్క పెట్టాం. మనకు కృష్ణా అంటే రెండే అక్షరాలు గదా, గళ్లు ఆరు ఎందుకు? కంప్యూటరు ఆ మాటను ఇలా దాచుకొంటుంది: క, ఋత్వం, ష, పొల్లు, ణ, దీర్ఘం. ఆరు! నది అంటే న, ద, గుడి. మూడు! అంటే మాట చెక్కు చెదరకుండా ఫైలు దాకా చేరింది. దానిని గీయటానికి అక్షరరూపాలు దొరకలేదు. అక్షరరూపాల సంచిని ఫాంటు అంటారు. తెర మీద బొమ్మ గీసే భాగం తెలుగు ఫాంటును తనంతట తానే వెతికి తెచ్చుకొన్నది. ఫైలు రాసే భాగం వెతకలేదు. (ఈ ఖాళీ గళ్లకు టోఫూ అని ముద్దుపేరు. సోయా పనీరు ముక్కల్లా వుంటాయి గనుక! టోఫూ వుండరాదనే, ఒక ఫాంట్ల వరసకు నోటో అని పేరు పెట్టారు.)

నోటో వరసలోని తెలుగు ఫాంటు పేరు ఆదేశంలో చేర్చింది. ఇంకేమీ మార్చనివ్వలేదు నేను. పెద్దవాళ్లయితే ఈపాటికి నాలుగు మార్పులు ఒక్కసారే చేసి, ఏది పని చేసిందో తెలియక కూర్చునేవారు.

గళ్లు పోయాయి. కాని కృష్ణా ముక్కలైపోయింది! ష పక్కన పొల్లు, ఆ పక్కన ణ పూర్తి అక్షరంగా, దీర్ఘం ఒంటరిగా నిలబడ్డాయి. పిల్ల ముఖం వాడిపోయింది.

"పడవ అని రాసి చూడు," అన్నాను. సరిగా వచ్చింది. "నది?" ద తలకట్టు పోలేదు, గుడి విడిగా వున్నది. అంటే విడి అక్షరాలు బాగానే వస్తున్నాయి. కలపటంలోనే వున్నది చిక్కు.

నా చిన్నతనంలో బెజవాడ అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాలు గళ్లలో పోసి వుంచేవారు. కంపోజిటరు వాటిని ఏరి పేర్చేవాడు. ష్ణ రావాలంటే ష, ణ పక్కపక్కన పెడితే చాలదు. ణ-వత్తు తీసి ష కింద చేర్చాలని అతనికి తెలుసు. ఫాంటు ఆ సీసపు అక్షరాల వంటిది. ఏరి కలిపే మనిషి వేరే వుండాలి. కంప్యూటరులో ఆ పని హార్ఫ్‌బజ్, పాంగో వంటి ప్రోగ్రాములు చేస్తాయి. పాంగో పేరులో గ్రీకు 'పాన్', జపాను 'గో' కలిశాయి. అన్ని భాషలూ అని అర్థం.

గ్నూప్లాట్ బొమ్మను తానొక్కటే గీయదు. తెరకూ, ఫైలుకూ వేరు వేరు సహాయకులు వుంటారు. వారికి టెర్మినల్ అని పేరు. "షో టెర్మినల్" అని అడిగితే, ఇప్పుడు ఎవరు గీస్తున్నారో చెబుతుంది. మేము అడిగాం. తెరకు గీసేది క్యూటీ. దానికి తెలుగు కలపటం వచ్చు. ఫైలుకు ఆ పిల్ల ఎన్నుకొన్నది పిఎన్‌జి. ఆ కంప్యూటరులో దానికి కలిపే మనిషి లేడు. పిఎన్‌జి కైరో అనే మరొక టెర్మినల్ వున్నది. అది పాంగో చేత అక్షరాలు కలిపిస్తుంది.

ఒక్క మాట మార్చింది. కృష్ణా నది నిండుగా వచ్చింది!

నేను లేవబోయాను. "తాతగారూ, ఇందాక చేర్చిన ఫాంటు పేరు తీసేస్తే?" అన్నది. నాకు తోచని పరీక్ష అది. తీసేసింది. అయినా శీర్షిక సరిగానే వచ్చింది. ఈ సహాయకుడు ఫాంటును కూడా తానే వెతుక్కొన్నాడు. మేము చేసిన రెండు మార్పుల్లో ఒకటి అనవసరమన్నమాట. ఆ సంగతి నోటుపుస్తకంలో రాసుకొన్నది.

ఇంట్లో తెలుగు కనిపించే కంప్యూటరు వుంటే మీరూ చూడండి. శ్రీకాకుళం అనే మాట గళ్లుగా మారితే ఎన్ని గళ్లు వస్తాయి? పది రావాలి. మీ పేరుకు ఎన్నో మీరే లెక్క కట్టండి.

మర్నాడు మామ్మ కళ్లజోడు పెట్టుకొని, వేలితో చూపుతూ శీర్షిక చదివింది. స్తంభాలు మూడూ చూచింది. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. "మరి 1977 ఉప్పెన ఏదే?" అన్నది.

"అది నదిలో వచ్చింది కాదు మామ్మా, సముద్రం మీద నుంచి వచ్చింది," అన్నది పిల్ల. కాసేపు ఆలోచించి, ఇంకొక కాగితం తీసింది.