పద్దెనిమిది దాటిన గుండె

సెప్టెంబరు 29న ప్రపంచ హృదయ దినం పేరిట జరిగే శిబిరాల్లో రక్తపోటు, చక్కెర చూసి, ఉప్పు తగ్గించమని చెప్పి పంపే ఆనవాయితీ, పుట్టుకతోనే లోపమున్న గుండెతో నలభై ఏళ్లుగా బతుకుతున్నవారిని లెక్కలోకే తీసుకోదు. గుండె నుంచి బృహద్ధమనిలోకి, అంటే ఒంటికంతటికీ రక్తాన్ని పంచే పెద్ద నాళంలోకి, తెరుచుకునే కవాటానికి మూడు రెక్కలుండాలి. రెండే రెక్కలతో పుట్టేవారు నూటికి ఒకరిద్దరు. 'బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్' అనే ఈ లోపం పుట్టుకతో వచ్చే గుండె లోపాలన్నింటిలోకీ సర్వసాధారణమైనది గనుక, ఎన్టీఆర్ జిల్లా నందిగామలో వందమంది కూర్చున్న పెళ్లి బంతిలో సగటున ఒకరో ఇద్దరో ఉన్నట్టే.

మూడింటి పని రెండు రెక్కల మీద పడటంతో అవి త్వరగా మందమై, సున్నం పేరుకుని బిగుసుకుపోవడం, లేదా సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారడం, కొందరిలో బృహద్ధమని ఉబ్బడం యౌవనమంతా గుట్టుగా సాగి, తరచూ నడివయసులోనో ఆ తర్వాతో ఆయాసంగా బయటపడతాయి. మిరపచేలో ఆయాసపడితే వయసనీ, జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరైతే దుమ్మనీ, ఛాతీ పట్టేస్తే గ్యాసనీ సరిపెట్టుకునే మెట్టప్రాంతంలో అది ఇంకా ఆలస్యమవుతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల గుండెలను 18 ఏళ్ల దాకానే చూస్తుంది. 30 దాటినవారికి జరిపే పరీక్షలు రక్తపోటు, మధుమేహం, క్యాన్సర్లనే వెతుకుతాయి. ఆరోగ్యశ్రీ పథకం (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) కవాట మార్పిడి ఖర్చు భరిస్తుంది గానీ, జబ్బును ముందుగా పట్టుకునే పూచీ ఎవరిది? 1816లో లెనెక్ కనిపెట్టిన స్టెతస్కోపు నేటికీ అందుకు పనికొచ్చే సాధనమే అయినా, చొక్కా మీదుగా క్షణం ఆనించి మందులచీటీ రాసేసే చోట అది మెడలో ఆభరణం మాత్రమే. రెండు రెక్కల కవాటం తెరుచుకునేటప్పటి 'టక్'మనే చప్పుడు, దాని వెంట వచ్చే మర్మర ధ్వని, శ్రద్ధ పెట్టిన చెవికి చాలాసార్లు దొరుకుతాయి. ఆ అనుమానాన్ని ఎకో పరీక్ష తేలుస్తుంది.

లోపం బయటపడిన వారందరికీ కోత తప్పదని కాదు. క్రమం తప్పని ఎకోతో, నోటి సూక్ష్మజీవులు కవాటానికి సోకకుండా కాపాడే పళ్ల శుభ్రతతో మామూలుగా బతికేవారు ఎందరో. అయితే తోబుట్టువుల్లో, బిడ్డల్లో సుమారు పదిమందికొకరికి ఇదే లోపం ఉండవచ్చు గనుక వారికీ ఎకో తీయించాలి. సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో దాన్ని దాచిపెట్టే కుటుంబాలు జాతకాలు మాత్రం నలుగురికీ చూపిస్తాయి.

గరికపాడు నుంచి బెజవాడ దాకా జాతీయ రహదారి పొడవునా నవ్వు మొహాల వైద్యుల హోర్డింగులకు కొదవలేదు. లోహపు కవాటం అమర్చుకున్నవారు జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకుంటూ, మోతాదు సరిచూసే ఐఎన్ఆర్ రక్తపరీక్ష పదేపదే చేయించుకోవాలన్న మాట వాటి మీద ఉండదు. 2022లో ఈ ప్రాంతాన్ని కృష్ణా జిల్లా నుంచి విడదీసి ఎన్టీఆర్ జిల్లాగా చేసి బోర్డులన్నీ తిరగరాయించిన చురుకుదనంలో కొంతైనా, ఆ ఒక్క పరీక్ష కోసం కూలీ పోగొట్టుకుని బెజవాడ బస్సెక్కే అవసరం ఎవరికీ రాకుండా చూడటంలో ఏలినవారు చూపవలసి ఉంది.