ఆ వంటకు ఆ ధర న్యాయమే

ఇంట్లో అమ్మ వండే జోలోఫ్ రైస్‌కు ఇంత రేటా? లండన్‌లోని ఖరీదైన పశ్చిమాఫ్రికా రెస్టారెంట్ల మాట వస్తే నైజీరియన్లలోనే చాలామంది ఇలా అంటారు. టమాటా, ఎర్ర మిరప ముద్దలో ఉడికే ఆ అన్నం నైజీరియా పెళ్లిళ్లలో పెద్ద పెద్ద గిన్నెల్లో, కట్టెల పొయ్యి మీద తయారవుతుంది. పొగవాసన తగలకపోతే పెళ్లిజోలోఫ్ కాదంటారు. వచ్చినవాళ్లందరికీ కడుపునిండా పెట్టే అన్నాన్ని పింగాణీ పళ్లెంలో నాలుగు ముద్దలు వడ్డిస్తే వాళ్ల మనసు చివుక్కుమనడం సహజమే. అయినా ఆ ధర న్యాయమైనదే అంటాను.

ఆ వంటలో ఉన్న శ్రమ చూడండి. ఇరు అనే దినుసు కోసం ఒక అడవిచెట్టు గింజల్ని గంటల తరబడి ఉడికించి, పొట్టు తీసి, రోజుల తరబడి పులియబెడతారు. మొయిన్‌మొయిన్ కోసం అలసందలు నానబెట్టి, పొట్టు కడిగి, రుబ్బి, ఆకుల్లో పొట్లం కట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఉడికిన పెండలాన్ని రోట్లో వేసి సాగేదాకా దంచితే గాని, ఎగుసి గింజల పులుసులో అద్దుకునే ముద్ద తయారు కాదు. ఫ్రెంచి వంటవాడు ఎముకల రసాన్ని పూటంతా మరిగిస్తే దాన్ని కళ అని డబ్బు చెల్లిస్తాం. అదే ఓపిక లాగోస్ ఆడవాళ్ల చేతుల్లో కనిపిస్తే ఇంటిపని అని తీసేస్తాం. ఈ తేడా రుచిలో లేదు, మన చూపులో ఉంది.

ఆ చూపు ఇప్పుడిప్పుడే మారుతోంది. లండన్‌లోని పెక్హమ్‌లో, ఓల్డ్ కెంట్ రోడ్డులో నైజీరియన్ హోటళ్లు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషలిన్ గైడు మాత్రం 2018లో గాని పశ్చిమాఫ్రికా వంట వైపు చూడలేదు. ఆ ఏడాది లండన్‌లోని ఇకోయి అనే రెస్టారెంట్‌కు ఒక నక్షత్రం వచ్చింది, 2022లో రెండోది. ఇకోయి పశ్చిమాఫ్రికా మసాలాలతో మొదలై తనదైన దారి పట్టింది. తనను ఏ ఒక్క దేశపు వంటకూ కట్టేయవద్దంటుంది. అది వాళ్ల స్వేచ్ఛ. నాకు మాత్రం 2024 ఫిబ్రవరిలో అకోకో అనే మరో రెస్టారెంట్‌తో పాటు నక్షత్రం అందుకున్న చిషురు ఎక్కువ నచ్చుతుంది.

దాన్ని నడిపే అడెజోకె బకారే తల్లి యోరుబా, తండ్రి ఇగ్బో. ఆమె ఉత్తర నైజీరియాలోని కడునాలో, హౌసా వంటల మధ్య పెరిగారు. 2019లో లండన్‌లోని బ్రిక్స్టన్‌లో వంటల పోటీ గెలిచి, మరుసటి ఏడాది అక్కడి మార్కెట్‌లో చిన్న హోటల్ తెరిచారు. 2023లో నగరం నడిబొడ్డుకు మారారు. బ్రిటన్‌లో మిషలిన్ నక్షత్రం పొందిన మొదటి నల్లజాతి మహిళా షెఫ్ ఆమే. పులిసిన బియ్యప్పిండితో పోసే సినాసిర్ అనే అట్టునూ, అలసందల పిండిని ఆవిరిపై ఉడికించే ఎకురునూ ఆమె ధైర్యంగా మెనూలో పెట్టారు. ఈ రెండూ తెలుగు నాలుకకు చుట్టాలే. కారం తగ్గించి, పేర్లు మార్చి, పరాయివాళ్లకు అనువుగా సర్దుకుంటే వచ్చే గౌరవం అరువు గౌరవం. తన పేరుతో, తన పులుపుతో, తన కారంతో నిలబడి అడిగిన ధరకే నేను విలువిస్తాను.

ఈ లెక్కలో మనకూ వాటా ఉంది. కాకినాడ రేవు నుంచి పశ్చిమాఫ్రికాకు ఉప్పుడు బియ్యం ఓడలకెక్కుతుంది. నైజీరియా పక్కనున్న బెనిన్‌లో దిగే దిగుమతి బియ్యంలో చాలా భాగం సరిహద్దు దాటి నైజీరియా చేరుతుంది. ఇలాంటి దొంగరవాణాను ఆపాలనే నైజీరియా 2019 ఆగస్టులో భూసరిహద్దులు మూసింది. లాగోస్‌లో ఉడికే జోలోఫ్‌లో మన తూర్పుతీరపు గింజ ఉన్నా ఆశ్చర్యం లేదు.

అందుకే నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే. పళ్లెం ధర పెరిగింది గాని, ఇరు పులియబెట్టే పల్లె ఆడవాళ్ల కూలీ, వడ్లు పండించే రైతు రాబడి ఆ మేరకు పెరగలేదు. బిల్లు చూసి బేరమాడాలనిపించినవాళ్లు అడగవలసింది ఎందుకింత అని కాదు, ఇందులో వాళ్లకెంత అని. ఆ ప్రశ్నను లండన్ బల్లల దగ్గరే కాదు, తెలుగు వంట అమ్మే మన సొంత హోటళ్లలోనూ అడగాలి.