లేబుల్ మీద “రక్తం పెరుగుతుంది” అన్న మాట ఎందుకు తీసేశానంటే

పై వీడియోలో రాగి లడ్డూ తయారీ చూపించాను. డబ్బా మీద ఇదివరకు “రక్తం పెరుగుతుంది” అని ఉండేది, ఇప్పుడు లేదు. ఎందుకు తీసేశానో చెబుతాను. మనలో చాలామంది ఇదే మాట చెప్పి అమ్ముతున్నాం కాబట్టి ఇది నా ఒక్కడి విషయం కాదు.

మా దగ్గర లడ్డూ, మునగాకు పొడి కొనే ఒక అక్క ఉంది. నీరసం, ఆయాసం అని రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఐరన్ మాత్రలు ఇచ్చారు. “తమ్ముడూ, ఈ మాత్రలు వేడి చేస్తాయంట, నీ లడ్డూ సరిపోదా?” అని అడిగింది. “సరిపోతుందక్కా” అన్నాను. మూడు నెలలు నన్ను నమ్మి తింది. మళ్లీ పరీక్ష చేయిస్తే 8.7. పెరగకపోగా ఇంకా తగ్గింది. డాక్టరమ్మ మొదట అడిగింది నెలసరి గురించి. స్కాన్ తీస్తే గర్భసంచిలో గడ్డ. నెలనెలా అంత రక్తం పోతుంటే నా లడ్డూ ఏం చేస్తుంది?

ఇదే మొక్క అయితే నేను అలా చెప్పేవాడిని కాదు. ముదురాకు ముందు పసుపైతే నత్రజని లోపమా అని చూస్తాం. లేతాకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోపం అంటాం. సున్నం ఎక్కువున్న నేలలో వేరుశనగ పసుపెక్కుతుంది. అక్కడ నేలలో ఇనుము లేక కాదు, ఉన్నది వేరుకి అందక. కారణం తెలియకుండా మందు చెప్పం. మరి మనిషికి ఎందుకు చెప్తున్నాం?

రిపోర్టు చదవడం పెద్ద విద్యేం కాదు. హిమోగ్లోబిన్ అంకె అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో అది ఎన్ని గ్రాములుందో చెప్పేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మగవాళ్లకి 13, గర్భం లేని ఆడవాళ్లకి 12 కంటే తక్కువైతే రక్తహీనత. ఆడవాళ్లలో 11 నుంచి 11.9 వరకు స్వల్పం, 8 నుంచి 10.9 మధ్యస్థం, 8 లోపు తీవ్రం. గర్భిణులకి లెక్క వేరు, వాళ్లు డాక్టర్ చెప్పినట్టే నడవాలి.

ఆ అంకె రక్తం తక్కువుందని చెబుతుంది గానీ ఎందుకు తక్కువైందో చెప్పదు. అందుకే అదే కాగితంలో ఎంసీవీ కూడా చూడండి. అది ఎర్ర కణం సైజు. 80 కంటే తక్కువైతే ఇనుము లోపం కావచ్చు, పుట్టుకతో వచ్చే తలసేమియా లక్షణం కూడా కావచ్చు. 100 దాటితే బీ12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపం ఉందేమో చూడాలి. బీ12 ఆకుకూరల్లో, సిరిధాన్యాల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, మాంసం, చేపల్లో ఉంటుంది. ఇంకోటి ఫెరిటిన్. ఇది గాదెలో దాచిన ధాన్యం లాంటిది. ముందు గాదె ఖాళీ అవుతుంది, తర్వాతే హిమోగ్లోబిన్ పడిపోతుంది. కాకపోతే జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఎక్కువ చూపిస్తుంది, అది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు నా లడ్డూ లెక్క. 100 గ్రాముల రాగుల్లో ఇనుము సుమారు 4.6 మిల్లీగ్రాములు. మా లడ్డూ 25 గ్రాములు. మొత్తం రాగిపిండే అనుకున్నా ఒక మిల్లీగ్రాము కాస్త దాటుతుంది, అంతే. ఐసీఎంఆర్ 2020 లెక్కలో ఆడమనిషికి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి. పైగా రాగుల్లో ఉండే ఫైటేట్లు ఆ ఇనుముని పూర్తిగా ఒంటబట్టనివ్వవు. తిన్న వెంటనే టీ తాగితే ఇంకా తగ్గుతుంది. మొలకెత్తిస్తే, పులియబెడితే, నిమ్మకాయ పిండుకుంటే కొంత మెరుగు. సున్నపు నేలలో వేరుశనగ కథే ఇదీ.

ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. “అది కెమికల్ కదా” అంటారు మనవాళ్లు. రసాయనం వద్దన్నది పొలం విషయంలో నా మాట, ఇప్పటికీ దాని మీదే ఉన్నాను. కానీ ఆ పట్టుదలని ఇంకొకరి ఒంటి మీద రుద్దే హక్కు నాకు లేదు. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, దానికి భయపడొద్దు. టీతో, పాలతో వేసుకోవద్దు. అంకె పెరగగానే ఆపేయకుండా డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడితేనే గాదె నిండుతుంది. మాత్రలు మొదలుపెట్టకముందే మలం నల్లగా వస్తుంటే మాత్రం లోపల ఎక్కడో రక్తం పోతోందేమో, వెంటనే చూపించుకోవాలి.

మన పొలం పనివాళ్ల గురించి ఒక మాట. కొంకిపురుగు ఉత్త కాళ్లలోంచే ఒంట్లోకి వెళ్లి పేగుల్లో రక్తం తాగుతుంది. మట్టితో బంధం అని చెప్పులు వద్దనే మనమే దీని గురించి కూడా చెప్పాలి. బహిర్భూమికి వాడే చోట్ల చెప్పుల్లేకుండా నడవొద్దు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మన దగ్గర కొనేవాళ్లలో, మన చేలో కలుపు తీసేవాళ్లలో సగం మందికి పైగా ఉండొచ్చు. వాళ్లు మన మాట నమ్ముతారు. అందుకే జాగ్రత్తగా మాట్లాడాలి.

ఇప్పుడు మా లేబుల్ మీద “రాగి, బెల్లం, నువ్వులు. మంచి ఆహారం” అని మాత్రమే ఉంది. ఎవరైనా రక్తం కోసం అడిగితే ముందు రిపోర్టు ఉందా అని అడుగుతున్నాను. లడ్డూ తినండి, మాత్ర మానొద్దు, కారణం కనుక్కోండి అంటున్నాను. అమ్మకం కొంత తగ్గింది, నిజమే. అక్కకి వైద్యం జరిగి, మాత్రలు వాడాక మొన్న 10.8 వచ్చింది. ఇంకా వాడుతోంది. ఇప్పటికీ మా దగ్గరే లడ్డూ కొంటోంది.

భూసార పరీక్ష కార్డు బీరువాలో భద్రంగా దాచుకుంటాం. ఇంట్లో అమ్మకి, భార్యకి, ఆడపిల్లకి చివరిసారి హిమోగ్లోబిన్ ఎంత వచ్చిందో మనలో ఎంతమందికి తెలుసు? ఈ వారం ఒకసారి అడగండి.