ఓడ దిగిన జబ్బు

చీకటి పడితే చాలు... ఆ అడవంతా కీచుకీచులే. పొదల్లో, చెట్ల మీద, గుడారాల్లో ఎక్కడ చూసినా ఎలుకలే. తిండి పదార్థాలు ఎక్కడ దాచినా వదిలేవి కావు. పడుకున్న మనుషుల మీదెక్కి పరుగులు తీసేవి. 1897లో హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవికి వెళ్లి దాదాపు పది నెలలు ఉన్న బ్రిటిష్ శాస్త్రవేత్త ఛార్లెస్ ఆండ్రూస్ వాటితో పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. అదే ఆండ్రూస్ 1908లో మళ్లీ వెళ్లి వెతికితే ఆ ఎలుక ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు!

జావాకు దక్షిణంగా సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉంటుందీ దీవి. విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. టీవీలో ఎర్ర పీతల దండయాత్ర చూసినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. 1888 దాకా ఇక్కడ మనుషుల్లేరు. వానల అడవిలో రెండు రకాల ఎలుకలు మాత్రం హాయిగా బతికేవి. ఒకటి మాక్లియర్ ఎలుక. దాని తోక మొదట నలుపు, ఆపైన కొసదాకా తెలుపు. రెండోది బుల్‌డాగ్ ఎలుక. పొట్టి తోక, వీపు చర్మం కింద రెండు సెంటీమీటర్ల మందాన కొవ్వు. పగలు బయటికి తెస్తే మత్తులో ఉన్నట్టు తూగేదట. ఈ రెండూ ప్రపంచంలో మరెక్కడా లేవు.

1899లో ఎస్.ఎస్. హిందుస్థాన్ అనే ఓడ వచ్చింది. అందులోని ఎండుగడ్డి మోపుల్లో దాక్కుని నల్ల ఎలుకలూ దిగాయి. మన ఇళ్ల అటకల మీద తిరిగేవే! ఈ జాతి పుట్టిల్లు మన దేశమే. ఓడలెక్కి లోకమంతా చుట్టేసింది. వెళ్లినచోటికల్లా ఒంటి మీద పురుగుల్నీ, ఒంట్లో క్రిముల్నీ వెంట తీసుకెళ్లింది.

ఆ క్రిముల్లో ఒకటి ట్రిపనోసోమా లూయిసి. రక్తంలో ఈదే ఏకకణ జీవి. 1870ల్లో కలకత్తాలో పనిచేసిన సైనిక వైద్యుడు టిమతీ లూయిస్ దీన్ని ఎలుకల రక్తంలో గుర్తించారు. ఆ పేరే దీనికి పెట్టారు. మన పశువులకు జోరీగల వల్ల వచ్చే సర్రా జబ్బు క్రిమికి ఇది దాయాది. అయితే దీనికి జోరీగ అక్కర్లేదు. బొచ్చులో నక్కి నెత్తురు తాగే గెంతుడు పురుగు (ర్యాట్ ఫ్లీ) చాలు. ప్లేగును మోసే పురుగుల కుటుంబమే ఇది. క్రిమి దాని పేగులో పెరిగి, రెట్టతో బయటికొస్తుంది. దురద పుట్టి ఎలుక ఒళ్లు నాక్కున్నప్పుడు పురుగో, దాని రెట్టో నోట్లోకి పోతుంది. అంతే... అంటుకున్నట్టే. నల్ల ఎలుకకు ఇది పెద్ద లెక్కలోది కాదు. తరతరాల పరిచయం కదా! కొన్ని వారాల్లో కోలుకుంటుంది, మళ్లీ రాదు. దీవి ఎలుకలు మాత్రం ఆ క్రిమి మొహమే ఎరగవు.

మూడు నాలుగేళ్లలో అంతా అయిపోయింది. రాత్రి తప్ప బయటికి రాని ఎలుకలు పట్టపగలు దారుల్లో ఈడ్చుకుంటూ, చావడానికి సిద్ధంగా కనిపించాయని దీవిలోని వైద్యుడు తరవాత ఆండ్రూస్‌కు చెప్పారు. బెరిబెరి గురించి పరిశోధించడానికి వచ్చిన హెర్బర్ట్ డర్హమ్, పనిలో పనిగా ఎలుకల రక్తాన్నీ పరీక్షించారు. అందులో ట్రిపనోసోమాలు కనిపించాయి. అసలు పని కాని పనే చివరికి అక్కరకొచ్చింది! కానీ అప్పట్లో దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. కొత్త ఎలుకలతో పోటీ పడలేక పోయాయని కొందరు, వాటితో కలిసిపోయి సంకరమయ్యాయని కొందరు వాదించారు. ఈ వాదన వందేళ్లు సాగింది.

తేల్చింది మ్యూజియం చర్మాలే. ఓడ రాకముందూ వచ్చాకా పట్టి భద్రపరిచిన ఎలుకల నుంచి అమెరికాలో పనిచేస్తున్న అలెక్స్ గ్రీన్‌వుడ్ బృందం డీఎన్ఏ తీసి చూసింది. ఓడకు ముందువాటిలో క్రిమి ఆనవాలే లేదు. తరవాతి వాటిలో ఉంది. సంకరానికి ఆధారం దొరకలేదు. జబ్బు వల్ల ఒక క్షీరద జాతి అంతరించిందనడానికి ఇంత గట్టి రుజువు దొరకడం 2008లో వెలువడిన ఆ ఫలితంతోనే మొదలు.

పోయినదాన్ని మళ్లీ పుట్టించలేమా? కోపెన్‌హాగెన్ శాస్త్రవేత్తలు మాక్లియర్ ఎలుక జన్యుపటాన్ని కూర్చి చూశారు. 2022లో ప్రకటించిన ఫలితం ప్రకారం దాదాపు 95 శాతం దొరికింది. దొరకని భాగంలో వాసన పట్టే జన్యువులూ, రోగాన్ని ఎదిరించే జన్యువులూ ఉన్నాయి. విచిత్రం కాకపోతే... ఆ ఎలుకకు ప్రాణం మీదికి తెచ్చిన లోటే పటంలోనూ మిగిలింది!

దీవి సొంత క్షీరదాలు మొత్తం అయిదు. మూతి కోసుగా ఉండే చుంచు కూడా ఆ రోజుల్లోనే మాయమైంది. అదే క్రిమి పని అని అనుమానం. 1985లో రెండు చిక్కాయి. అంతే, మళ్లీ ఎవరికీ కనిపించలేదు. 2025 అక్టోబరులో ఐయూసీఎన్ దాన్ని అంతరించిన జాబితాలో చేర్చింది. పిడికెడంత కూడా లేని పిపిస్ట్రెల్ గబ్బిలం జాడ చివరిసారి తెలిసింది 2009లో. ఇక మిగిలింది పళ్లు తినే పెద్ద గబ్బిలం ఒక్కటే.

నల్ల ఎలుకలు మాత్రం అక్కడ ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి.