మాత్రల డబ్బా చీరల కింద ఎందుకు?

మా పిన్ని కూతురికి పదమూడో ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. చేతిలో తాళాలగుత్తి పెట్టినవాళ్ళూ, ఉల్లిపాయ వాసన చూపించినవాళ్ళూ, తాయెత్తు కట్టించమన్నవాళ్ళూ అందరూ అయ్యాక న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్ళారు. తోడుగా నేనూ వెళ్ళాను.

డాక్టరుగారు చూడగానే స్కానింగు రాసేస్తారనుకున్నాను. ఆయన అడిగిన మొదటి మాట, "పడిపోయినప్పుడు దగ్గరుండి చూసిందెవరు?" అని. కళ్ళు ఎటు తిరిగాయి, ముందు ఏ చెయ్యి కొట్టుకుంది, ఎన్ని నిమిషాలు, మళ్ళీ మాట ఎంతసేపటికి వచ్చింది... అన్నీ పిన్నిని అడిగి రాసుకున్నారు. ఆ తర్వాతే ఈఈజీ, ఎమ్మారై. "నా దగ్గరకొచ్చేసరికి అమ్మాయి మామూలుగా ఉంటుంది. ఈఈజీ కూడా ఒక్కోసారి బాగానే ఉంటుంది. చూసినవాళ్ళ మాటే నాకు ఆధారం తల్లీ" అన్నారు.

మాత్రలు వాడితే ఫిట్స్ ఆగాయి. ఇరవైమూడో ఏట సంబంధం కుదిరింది. "ఈ సంగతి ఎక్కడా అనకండి" అంది పిన్ని. నేనూ తలూపాను.

మాత్రల డబ్బా చీరల మడతల కిందకు చేరింది. అత్తవారింట్లో అందరూ పడుకున్నాక దొంగచాటుగా వేసుకునేది. చుట్టాలొస్తే అదీ లేదు. ఓ పండగ నాడు పొయ్యి దగ్గరే పడిపోయింది. చెయ్యి కాలింది. పాపం, ఆ అబ్బాయి కంగారులో నోట్లో చెంచా పెడితే పన్ను విరిగింది. ఆస్పత్రిలో "ఇదే మొదటిసారా?" అని అడిగితే "అవునండీ" అన్నాడు. అతనికేం తెలుసు!

ఆ చెయ్యి కాలడంలో నా తలూపుడికీ భాగం ఉంది.

చెబితే పెళ్ళవుతుందా అంటారు. ఒకటి రెండు సంబంధాలు తప్పిపోవచ్చు, కాదనను. కానీ దాచి చేసిన పెళ్ళిలో డాక్టరుకి ఆధారమైన ఆ చూసే మనిషే లేకుండా పోతున్నాడు. హిందూ వివాహ చట్టంలో పదేపదే వచ్చే మూర్ఛని పెళ్ళికి అడ్డుగా చెప్పే మాట ఒకప్పుడు ఉండేది. 1999లో సవరణ చేసి దాన్ని తీసేశారు. చట్టం మారినా మన మనసులు మారలేదు. బీపీ, షుగరు మాత్రలు టీవీ పక్కనే పెట్టుకుంటాం. ఈ మాత్రలకే ఎందుకీ పరదా?

సరైన వైద్యం అందితే మూర్ఛ ఉన్న పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానికి రోజూ వేళకి మాత్ర పడాలి. హఠాత్తుగా మానితే ప్రాణం మీదకు రావచ్చు. పిల్లల్ని కనాలనుకునే ముందే డాక్టరుతో మాట్లాడాలి. వాల్‌ప్రోయేట్ లాంటి మందు కడుపులో బిడ్డకు చేటు చెయ్యవచ్చు కనుక ముందుగానే వేరే మందుకి మారుస్తారు, ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. అంతేగాని మనంతట మనం మానేయకూడదు. ఇవన్నీ దాచిపెట్టి జరిగే పనులా, చెప్పండి?

ఇంట్లోవాళ్ళకి తెలియాల్సినవీ ఉన్నాయి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూసుకోవాలి. 5 నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మా చెల్లెలి కథ కొట్లాటలతో, కన్నీళ్ళతో ఓ కొలిక్కి వచ్చింది. "ముందే చెప్పుంటే చెంచా పెట్టేవాణ్ణి కాదుగా" అన్నాడట వాళ్ళాయన. తర్వాత మరోసారి ఫిట్స్ వచ్చినప్పుడు అతనే పక్కకి తిప్పి, సెల్‌ఫోన్లో వీడియో తీసి డాక్టరుగారికి చూపించాడు. అది చూసి ఆయన మందు మార్చారు. డబ్బా ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంటోంది.

మీ ఇంట్లోనూ చీరల కింద అలాంటి డబ్బా ఉంటే ఇవాళే బయటకు తీయండి. పెళ్ళీడు పిల్ల ఉంటే, అవతలివాళ్ళకి మాట ఇచ్చేముందే చెప్పండి.